గుండు మీద గుండు ఎవరు పెట్టారు?

ఎండెక్కకముందే ఖాజాగూడ గుట్టల మీదికి వెళ్లి చూడండి. లారీ అంత గుండు. దాని నెత్తిన ఇంకో గుండు. రెండింటికీ మధ్య ఆనుడు జానెడు మించదు. చెయ్యి వేస్తే దొర్లిపడుతుందేమో అనిపిస్తుంది. చుట్టూ అద్దాల మేడలు లేవకముందు, గోల్కొండ మీద కోట కట్టకముందు నుంచీ అది అలాగే నిలబడి ఉంది. ఇలాంటి గుట్టలు హైదరాబాదుకే సొంతం కాదు. మహబూబ్‌నగర్, నల్గొండ, మెదక్, కరీంనగర్ వైపు ఎటు వెళ్లినా కనిపిస్తాయి. అనంతపురం, మదనపల్లె దారుల్లోనూ ఇవే మనకు తోడొస్తాయి.

చూసిన ప్రతివాళ్లకూ వచ్చే ప్రశ్న ఒక్కటే. దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారు?

ఊళ్లలో అడిగితే భీముడు విసిరాడంటారు, రాక్షసులు పందెం వేసుకుని పేర్చారంటారు. కాస్త చదువుకున్నవాళ్లలో చాలామంది ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని, అలల తాకిడికి రాళ్లు నున్నబడ్డాయని నమ్ముతారు. కొందరు మహావరద అంటారు, మరికొందరు అగ్నిపర్వతం పేలిందంటారు. ఈ జవాబులన్నీ ఒకే ఊహ మీద నడుస్తాయి: రాయి ఎక్కడి నుంచో వచ్చింది, ఏదో ఒక బలం దాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టింది.

ఆ ఊహే సరికాదు. ఆ గుండును ఎవరూ తేలేదు, ఎవరూ పెట్టలేదు. అది తన చోటే ఉంది. దాని చుట్టూ ఉన్నదే పోయింది. ఈ ఒక్క మాట మనసుకు పట్టిందంటే మన కొండలు, మన నేలలు, చివరికి మన బావుల్లో నీళ్లు కూడా కొత్తగా అర్థమవుతాయి.

రాయి పుట్టిన లోతు

హైదరాబాదు గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్లయిందని లెక్క. అంటే ఈ రాయి పుట్టేనాటికి భూమి తన వయసులో సగానికి కూడా రాలేదు. అప్పటి గాలిలో మనం పీల్చుకునే ప్రాణవాయువు దాదాపు లేదు. చెట్టు లేదు, చేప లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులదే రాజ్యం. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే అయింది. మన బంజారాహిల్స్ బండ పక్కన హిమాలయాలు నిన్నటి పిల్లలు.

ఈ వయసు ఊహించి చెప్పింది కాదు, కొలిచి చెప్పింది. గ్రానైటులో జిర్కాన్ అనే ఖనిజపు నలుసులు ఉంటాయి. అవి గట్టిపడేటప్పుడు కొంచెం యురేనియాన్ని తమలో బంధించుకుంటాయి. ఆ యురేనియం ఒక లెక్క ప్రకారం తరుగుతూ సీసంగా మారుతుంది. యురేనియం 238 సగానికి తగ్గాలంటే 447 కోట్ల ఏళ్లు పడుతుంది. నలుసులో ఇప్పుడు యురేనియం ఎంత మిగిలిందో, సీసం ఎంత చేరిందో కొలిస్తే ఆ నలుసు ఎప్పుడు గట్టిపడిందో తేలుతుంది.

అప్పట్లో మన కాళ్ల కింద కిలోమీటర్ల లోతున రాయి కరిగి, ముద్దలా పైకి ఉబికింది. నేల పైకి వచ్చి ఉంటే లావా అయ్యేది. అది పైకి రాలేక మధ్యలోనే చిక్కుకుపోయింది. పైన కప్పి ఉన్న రాతి మందం దాని వేడిని పోనివ్వలేదు. లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా చల్లారింది. తొందర లేదు కాబట్టి లోపలి ఖనిజాలకు పెద్ద పెద్ద స్ఫటికాలుగా పెరిగే సావకాశం దొరికింది.

ఇది కంటితో చూడవచ్చు. ఇల్లు కడుతున్నచోట రోడ్డు పక్కన పోసిన కంకరలోంచి ఒక ముక్క తీసుకోండి. తాజాగా పగిలిన ముఖం ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పండి. లేత గులాబీ రంగులో, తిప్పినప్పుడు చదునైన పలకలా తళుక్కుమనేది ఫెల్‌స్పార్. నల్లగా చిన్న రేకుల్లా మెరిసేది అభ్రకం. వీటి మధ్య బూడిద రంగు గాజులా, ఒక ఆకారమంటూ లేకుండా ఉన్నది పలుగురాయి, అంటే క్వార్ట్‌జ్. దానికి ఆకారం లేకపోవడానికి కారణం ఉంది. ముద్ద చల్లారుతుంటే నల్లని ఖనిజాలు ముందు గట్టిపడ్డాయి, తర్వాత ఫెల్‌స్పార్, అందరికంటే చివర పలుగురాయి. ముందొచ్చినవాళ్లు కావలసినంత చోటు తీసుకున్నారు. ఆఖరున వచ్చింది మిగిలిన సందుల్లో ఒదిగింది. ఆ చిన్న ముక్కలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస 250 కోట్ల ఏళ్ల తర్వాత కూడా చెదరకుండా ఉండటం చూస్తే నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

వంటింటి గట్టు మీద పరిచే నల్లరాయి గురించి ఇక్కడే ఒక మాట. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీని బజారులో గ్రానైటు అనే అమ్ముతారు. భూగర్భశాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి. పుట్టుక మాత్రం దాదాపు ఇలాంటిదే: లోతున చిక్కుకుని నెమ్మదిగా చల్లారిన ముద్ద. అందులో రాగి రంగులో మెరిసే చుక్కలు బంగారమూ కాదు, రాగీ కాదు. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలు.

మూలలు పోయి గుండైంది

కిలోమీటర్ల లోతున పుట్టిన రాయి ఇవాళ మన కాళ్ల కింద ఎలా ఉంది? పైనున్నదంతా కొట్టుకుపోయింది కాబట్టి. వానలు, నదులు, గాలులు కోట్ల ఏళ్లపాటు పై కప్పును అరగదీసి సముద్రాలకు మోశాయి. నెత్తిన బరువు తగ్గేకొద్దీ కింది రాయి కొంచెం కొంచెంగా ఒళ్లు విరుచుకుంది. ఆ విరుపులో నేలకు సమాంతరంగా పగుళ్లు వచ్చాయి. చల్లారేటప్పుడు, భూమి పొరలు ఒకదాన్నొకటి నెట్టుకునేటప్పుడు నిలువు పగుళ్లు అప్పటికే పడి ఉన్నాయి. నిలువు పగుళ్లు రెండు దిక్కులు, అడ్డ పగుళ్లు ఒక దిక్కు. ఇలా భూమి లోపలే రాయి పెద్ద పెద్ద దిమ్మలుగా విడిపోయింది. ఇంకా గుండు లేదు, గుట్ట లేదు. అన్నీ మట్టి కిందే.

ఆ పగుళ్లలోకి వాననీరు దిగింది. వాన గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుని వస్తుంది. మట్టిలోని వేళ్ల నుంచి, కుళ్లే ఆకుల నుంచి ఇంకొంత చేరుతుంది. దాంతో నీరు అతి పలచని ఆమ్లం అవుతుంది. చేతికి తెలియదు, నాలుకకూ తెలియదు. ఫెల్‌స్పార్‌కు మాత్రం తెలుస్తుంది. ఆ నీటికి ఫెల్‌స్పార్ నెమ్మదిగా బంకమట్టిగా మారిపోతుంది. అభ్రకంలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. పలుగురాయి ఒక్కటే లొంగదు. పక్కవాళ్లు మెత్తబడి వదిలేశాక అది రేణువులుగా రాలుతుంది. ఈ మూడూ కలిసిన గరుకు మన్నునే మనం మొరం అంటాం. రోడ్లకు, పునాదులకు ట్రాక్టర్లలో తోలుకొచ్చే మొరం అంటే గ్రానైటే. ఉన్నచోటే మెత్తబడిన గ్రానైటు.

దిమ్మ గుండ్రంగా మారడం వెనక లెక్క చాలా తేలిక. బెల్లం అచ్చును చెమ్మ గాలిలో వదిలేస్తే ముందు మూలలే కరుగుతాయి కదా, దిమ్మకూ అదే జరుగుతుంది. దిమ్మ మూలకు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది, అంచుకు రెండు వైపుల నుంచి, ముఖానికి ఒక వైపు నుంచే. మూల ముందు పోతుంది, అంచు తర్వాత పోతుంది. చదరపు దిమ్మ గుండ్రని గుండవుతుంది, చుట్టూ మొరం పేరుకుంటుంది. గుండు ఇంకా భూమిలోనే ఉందన్న సంగతి మరవకండి. ఈ నునుపు అలల వల్ల వచ్చింది కాదు, నేల కింద చెమ్మలో వచ్చింది.

తర్వాతి పని వానలది, వాగులది. మెత్తని మొరాన్ని అవి కడిగి మోసుకుపోతాయి. గట్టి గుండ్లను మోయలేవు. మధ్య మన్ను జారిపోతుంటే పై గుండు కింది గుండు మీదికి అంగుళం అంగుళంగా దిగి కూర్చుంటుంది. అదే గుండు మీద గుండు. ఏదీ పై నుంచి వచ్చి పడలేదు. పక్కపక్కన, కిందామీదా ఎలా ఉండేవో దాదాపు అలాగే ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే చారలు చూడండి. గ్రానైటులో అక్కడక్కడ తెల్లని పలుగురాతి చారలు, పెద్ద స్ఫటికాల గులాబీ చారలు పాకుతుంటాయి. రాయి గట్టిపడ్డాక వచ్చిన పగుళ్లలోకి చివరి ద్రవం ఎక్కి గడ్డకట్టినవి అవి. చాలాచోట్ల కింది బండలో మొదలైన చార పై గుండులోనూ అదే వాలులో సాగుతుంది. రెండూ ఒకప్పుడు ఒకే రాయి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? గుట్టల మీదికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందు ఈ చారను వెతకమని చెప్పాలి. భీముడి కథ తర్వాత చెప్పినా ఫరవాలేదు, అదీ మన కథే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు బండ ఉంది. కాడ సన్నం, గొడుగు వెడల్పు. ఇసుక గాలి రాయి పాదాన్ని కోయడం వల్ల ఇలాంటివి ఏర్పడతాయని బడి పుస్తకాలు చెబుతాయి. ఎడారుల్లో అది నిజం. ఇక్కడ అంత ఇసుక గాలి లేదు. ఇక్కడ పని చేసేది మన్నులోని చెమ్మ. బండ పాదం ఎక్కువకాలం తడి మట్టిలో పూడి ఉంటుంది కాబట్టి అక్కడ రాయి త్వరగా మెత్తబడుతుంది. పైభాగం మీద పడిన వాన జారిపోతుంది, ఎండకు ఆరిపోతుంది, అందుకే గట్టిగా నిలుస్తుంది. ఆ మట్టి పోయిన నాడు సన్నటి కాడ బయటపడుతుంది.

అన్నిచోట్లా గుండ్లే ఎందుకు లేవు? భువనగిరి చూడండి. చుట్టూ నేల నుంచి 500 అడుగుల ఎత్తున, గుడ్డు ఆకారంలో ఒంటరిగా లేచిన ఏకశిల అది. అదీ గ్రానైటే. తేడా అంతా పగుళ్లలోనే ఉంది. పగుళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట నీరు లోపలికి దిగి రాతిని గుండ్లుగా విడగొట్టింది. పగుళ్లు దూరదూరంగా ఉన్నచోట నీటికి దారి దొరకలేదు. చుట్టుపక్కల మెత్తనిదంతా పోగా మధ్యలో పగలని దిమ్మ కొండై మిగిలింది. దాని మీద పెచ్చులు పెచ్చులుగా లేచే రాతి పొరలు బరువు తగ్గినప్పటి విరుపుకు గుర్తులు.

ఈ విరుపు సంగతి రాళ్లు కొట్టి బతికే వడ్డెరలకు తరతరాలుగా తెలుసు. పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు. పై పొర వేడెక్కి ఉబుకుతుంది, కింది రాయి చల్లగానే ఉంటుంది. కాసేపటికి ఫట్‌మని లోపల శబ్దం వస్తుంది, పొర విడిపోతుంది. ఆ తర్వాత సమ్మెటతో కొడుతూ చెవి పెట్టి వింటారు. బోలుగా మోగినంత మేర పొర లేచినట్టు, ఖణేల్‌మన్నచోట ఇంకా అతుక్కుని ఉన్నట్టు. బండ వాటం చూసి ఉలి పెడితే తిన్నగా చీలుతుంది, వాటం తప్పితే పొడవుతుంది. మన గుళ్లకు, కోటలకు, పొలం గట్ల కడీలకు రాయి ఇచ్చిన చేతులవి. రాతి గురించి ఎక్కడ రాసినా వాళ్లను తలుచుకోకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

పోయిన ఇసుక ఎక్కడ తేలింది

గ్రానైటు నుంచి కొట్టుకుపోయిన ఇసుక, బంకమట్టి ఎటు వెళ్లాయి? పల్లానికి. ఇవాళ్టి ఇసుక మంజీర, మూసీ, కృష్ణల్లో చేరి బంగాళాఖాతం దారి పడుతుంది. కోట్ల ఏళ్ల క్రితం అలా చేరిన ఇసుక ఏమైందో చూడాలంటే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కాలి.

కొండ అడుగున పాత గ్రానైటు. దాని మీద పొరలు పొరలుగా పేర్చినట్టు క్వార్ట్‌జైట్. అంటే ఒకప్పటి సముద్రపుటొడ్డు ఇసుక గట్టిపడి రాయైనది. రెండూ కలిసేచోట గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. కింది రాయికీ పై రాయికీ వయసులో తేడా దాదాపు 80 కోట్ల ఏళ్లని అంచనా. ఆ మధ్యకాలపు రాయి అక్కడ లేదు. గ్రానైటు పైకి తేలి, అరిగి, చదునై, సముద్రం వచ్చి దాన్ని ముంచి ఇసుక పరిచేదాకా గడిచిన కాలమంతా ఆ ఒక్క గీతలో ఇమిడి ఉంది. భారత భూగర్భ సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్మారకంగా ప్రకటించింది. రోజూ వేలమంది ఆ మలుపు దాటి వెళతారు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లయినా ఒక్కసారి తల తిప్పి చూడాలని నా కోరిక. గుడికి దగ్గర్లో ఉన్న శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. మెత్తని భాగాలను నీరూ గాలీ తినేయగా గట్టి పొర తోరణంలా మిగిలింది.

ఆ సముద్రం చిన్నది కాదు. తిరుపతి నుంచి కడప, కర్నూలు మీదుగా నల్లమల దాకా నెలవంక ఆకారంలో పరుచుకున్న కడప బేసిన్ అంతా దాని అడుగే. సుమారు 190 కోట్ల ఏళ్ల క్రితం నేల కుంగి ఆ పల్లం ఏర్పడింది. నీరు చేరింది, ఇసుక, బురద, సున్నం పొర మీద పొర పడ్డాయి. బ్రిటిషు కాలంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతమంతా తిరిగి 1872లో కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథం ఇప్పటికీ ఈ రంగంలో తొలి మెట్టు. ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గును గుర్తించిందీ ఆయనే.

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడినవాళ్లు ఆ ఎర్రని గోడల్ని గ్రానైటు అనుకుంటారు. పర్యాటకుల కోసం రాసినవాటిలోనూ అలాగే ఉంటుంది. అది గ్రానైటు కాదు, క్వార్ట్‌జైట్. భూగర్భశాస్త్రంలో ఆ రాతి పొరకే గండికోట క్వార్ట్‌జైట్ అని పేరు. తేడా కనుక్కోవడం ఎంతో తేలిక. గోడలో అడ్డంగా అరలు అరలుగా పొరలున్నాయి, గ్రానైటులో పొరలుండవు. దగ్గరికి వెళితే గులాబీ, నలుపు, బూడిద రంగుల కలగలుపు కాకుండా ఒకే జాతి ఇసుక రేణువులు బిగిసిపోయి కనిపిస్తాయి. కడప ప్రాంతపు క్వార్ట్‌జైట్‌లలో కొన్నిచోట్ల పలకల మీద అలల ముడతలు కూడా ఉన్నాయి. లోతు లేని నీటి అడుగున ఇసుక మీద అలలు వేసిన ముడతలు, వేసినవి వేసినట్టే రాయైపోయాయి. ఈ రాతికి అరుగుడు తక్కువ. అందుకే పెన్నా దాన్ని వెడల్పుగా తినలేక పగుళ్ల వెంబడి నిట్టనిలువుగా కోసుకుంటూ దిగింది.

అదే పల్లంలో పడిన సున్నపు బురద నాపరాయైంది. బేతంచెర్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల గనుల నుంచి వచ్చే నాపబండలు లేని పాత ఇల్లు రాయలసీమలో ఉండదు. నాపరాయి పలకలుగా లేవడానికి కారణం బురద పొరలు పొరలుగా పడటమే. వాన ఆమ్లం గ్రానైటులో ఫెల్‌స్పార్‌ను మట్టిగా మార్చి ఊరుకుంటుంది, సున్నపురాయిని మాత్రం మొత్తం కరిగించి తనతో తీసుకుపోతుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు అలా నీరు కరిగించిన దారులే. పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశారు, 1982లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి పరిశీలించింది. అన్నిటికంటే లోతైన పాతాళగంగ ప్రవేశద్వారానికి 46 మీటర్ల కింద ఉంటుంది. నీరు అక్కడ ఇంకా ఆ రాతిని తొలుస్తూనే ఉంది.

బురద ఇంకా లోతుకు దిగితే? జవాబు విశాఖపట్నంలో ఉంది. కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ అన్నీ ఖొండలైట్ కొండలు. ఒకప్పటి బంకమట్టి, ఇసుక ఖండాలు ఢీకొన్నప్పుడు భూమిలోకి పాతిక ముప్పై కిలోమీటర్లు నెట్టుకుపోయి, 900 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో ఉడికి కొత్త ఖనిజాలుగా మారాయి. ఆ మార్పు ముగిసి సుమారు 100 కోట్ల ఏళ్లయింది. ఖొండలైట్‌లోని ఎర్రని గార్నెట్లు ఇప్పుడు అరిగి రాలి భీమిలి తీరంలో ఇసుక మీద ఊదారంగు చారలు గీస్తున్నాయి. ఆ దారిలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు వీటన్నిటిలో పసివి. వాటి వయసు వేల ఏళ్లలోనే. ఇసుక ఇంకా రాయి కాలేదు, వాన దాన్ని అప్పుడే గాడులు కోస్తోంది.

గోదావరి ఒడ్డున ఇంకో వింత ఉంది. కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లోంచి వచ్చే నల్లకంకర గోదావరి జిల్లాల రోడ్లన్నిటికీ తెలిసిందే. అది బసాల్టు, అంటే లావా. దగ్గర్లో అగ్నిపర్వతమేదీ లేదు. 6.6 కోట్ల ఏళ్ల క్రితం పడమటి కనుమల వైపు నేల చీలి పొంగిన లావా అప్పటి నదీలోయల వెంబడి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని శాస్త్రవేత్తలు తేల్చారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. ఆ పొరల మధ్య సముద్రపు గవ్వలున్న సున్నపురాయి కూడా దొరుకుతుంది. గోదావరికి ఆవలి ఒడ్డున కాతేరు దగ్గరా ఇదే రాయి. పడమట ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్‌ల మీద పరుచుకుంది కూడా ఆ లావానే.

రాయి పెట్టిన తిండి, రాయి ఇచ్చిన నీళ్లు

లావా మెత్తబడితే నల్లరేగడి. గ్రానైటు మెత్తబడితే ఎర్ర చెల్క. ఆదిలాబాద్‌లో పత్తి ఎందుకు, పాలమూరులో ఆముదం, జొన్న ఎందుకు అని అడిగితే సగం జవాబు వానలో ఉంది, సగం కింది రాతిలో ఉంది. రేగడి బంక ఎక్కువై చెమ్మను పట్టి ఉంచుతుంది, చెల్క ఇసుకపాలు ఎక్కువై నీటిని నిలుపుకోలేదు. కాకతీయులు గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట పోసి గొలుసుకట్టు చెరువులు ఎందుకు కట్టారో ఈ నేల మీద నడిస్తే తెలుస్తుంది. గ్రానైటుకు ఒంట్లో రంధ్రాలు లేవు. నీరు దాగాలంటే మొరంలో దాగాలి, లేదా పగుళ్లలో దాగాలి.

బోరు వేయించినవాళ్లకు ఇది బాగా తెలుసు. ముందు ఎర్రమట్టి, తర్వాత మొరం, తర్వాత మెత్తబండ, ఆ తర్వాత గట్టిబండ. కేసింగ్ పైపు గట్టిబండ దాకానే దిగుతుంది. ఆ కింద బిట్టుకు పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. గుండ్ల సందుల్లోంచి, పరుపు బండల అంచుల్లోంచి దిగే వాననీరే ఆ పగుళ్లకు చేరుతుంది. గుట్టల మీద సీతాఫలం చెట్లు రాళ్ల మధ్యే ఎందుకు మొలుస్తాయో చూశారా? చెమ్మ అక్కడే నిలుస్తుంది.

ఈ రాయే కష్టమూ తెచ్చింది. మన గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఎక్కువ. నీరు పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ దానిలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు ఎముకలు వంగిపోయే ఈ జబ్బును గుర్తించి రాశారు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. పైనున్న చెరువులు ఎండి, బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ మనం రాతిలో ఎక్కువకాలం నానిన నీటిని తోడుకుని తాగాం. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంగిన కాళ్లతో పెరిగిన పిల్లలను చూసినవాళ్లెవరూ రాయి అంటే కదలని జడపదార్థం అనరు.

కూల్చడానికి ఎంతసేపు

గ్రానైటు నేల అరగడానికి పట్టే కాలం 10 లక్షల ఏళ్లకు కొన్ని మీటర్ల లెక్క. అంటే ఒక గుట్ట ఈ రూపానికి రావడానికి పట్టిన కాలంలో మనుషుల చరిత్ర అంతా చిన్న ముక్క. దాన్ని పేల్చడానికి డ్రిల్లింగు ఒక పూట, మందు పెట్టడం ఒక గంట. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల్లో ఎన్ని గుట్టలు కంకరయ్యాయో ఆ దారుల్లో పాతికేళ్లుగా తిరిగేవాళ్లకు తెలుసు. మేడలు వద్దని నేను అనను. వేలమందికి అవి బువ్వ పెట్టాయి. గుండును ఉంచి దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నవాళ్లు జూబ్లీహిల్స్‌లో ఉన్నారు కదా. ఉంచాలన్న ఆలోచన రాకపోవడమే నన్ను బాధపెడుతుంది.

1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ ఈ ఆలోచనను ఊరికి నేర్పింది. సభ్యులు ఆదివారాలు గుట్టల మీద నడిచి, ఫొటోలు తీసి, అధికారుల చుట్టూ తిరిగి, 9 శిలా రూపాలను అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ జాబితాలో చేర్పించగలిగారు. పుట్టగొడుగు బండ వాటిలో ఒకటి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద గొడవ లేచి, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను ఆపించినప్పుడు చాలామంది నెమళ్ల గురించి, జింకల గురించి మాట్లాడారు. బండల గురించి మాట్లాడినవాళ్లు కొద్దిమందే. చెట్టును మళ్లీ నాటవచ్చు. ఆ బండను నాటలేం.

ఇప్పుడు నా మనసులో ఉన్న విన్నపం ఒకటి చెబుతాను. కోకాపేట వైపు కొత్త మేడలకు నాలుగైదు అంతస్తుల లోతున సెల్లార్లు తవ్వుతున్నారు. ఆ గుంటల గోడలు చూడండి. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద మొరం, మొరంలో అక్కడక్కడ ఇంకా బయటపడని గుండ్రని గుండ్లు, అడుగున పగలని బండ. ఈ వ్యాసంలో ఇంతసేపూ చెప్పిందంతా ఆ ఒక్క గోడ మీద వరుసగా ఉంటుంది. కొన్ని వారాల్లో కాంక్రీటు దాన్ని కప్పేస్తుంది. తవ్వడం పూర్తయ్యాక, కాంక్రీటు పోసేలోపు ఒక్క పూట ఉస్మానియా భూగర్భశాస్త్ర విద్యార్థులను లోపలికి రానివ్వాలి. వాళ్లు మొరం మందం కొలుస్తారు, పగుళ్ల దిక్కులు రాసుకుంటారు, ఫొటోలు తీస్తారు, ఒక్కో సంచిలో ఒక్కో పొర నమూనా పట్టుకెళతారు. బిల్డరుకు పైసా ఖర్చు లేదు. అనుమతి పత్రంలో ఈ ఒక్క షరతు చేర్చడం నగరపాలక సంస్థకు కష్టమూ కాదు.